పదహారు లోకాల్లో రెండు

పద్నాలుగు పేజీలు నిండా రాసిన పేపరుకి సున్నా వెయ్యడానికి లాజిక్ మేడంకి మూడు నిమిషాలు కూడా పట్టలేదు.

వాల్యుయేషన్ మొదలై అది రెండో రోజు. కాలేజీ వ్యాయామశాలలో ఆటసామాన్లన్నీ ఓ మూలకి నెట్టేసి, బెంచీలు వరసగా వేసి, సబ్జెక్టుకో వరస ఇచ్చారు. చివరి వరస లాజిక్ పేపరుది. దిద్దేవాళ్ళు తొమ్మిది మంది. ఒక్కొక్కరి ముందు ఇరవయ్యైదు పేపర్ల కట్ట, రెండు ఎర్ర పెన్నులు, నీళ్ళసీసా. పేపర్ల మీద పేర్లుండవు. పేరున్న ముక్కని ముందే చించేసి నంబరు వేస్తారు. రాసిందెవరో దిద్దేవాళ్ళకి తెలీకూడదు, దిద్దిందెవరో రాసినవాళ్ళకి తెలీకూడదు.

మేడం పక్కన కూర్చునే ఆయన్ని అందరూ ఎక్స్‌ప్రెస్ మాస్టారంటారు. చిన్న స్టేషన్లలో ఆగడు. జవాబు చివరి లైను చూస్తాడు, కీలో ఉన్నదానితో సరిపోతే టిక్కు, లేకపోతే అడ్డగీత. ఆయన ఒక కట్ట ముగించి దారం ముడివేసేసరికి మేడం సగంలో ఉంటుంది. ఆమె మెట్లన్నీ చూసుకుంటూ వెళ్తుంది. కానీ ఆ రోజు అప్పటికే ఇరవై పేపర్లు చూసి ఉంది, కళ్ళు లాగుతున్నాయి.

ఆ పేపరు తెరిస్తే ఐదో ప్రశ్న తప్ప ఇంకేమీ లేదు. ఐదో ప్రశ్న ఎనిమిది మార్కులది. ప్రశ్న ఇది: ఒక లోకంలో సరిగ్గా ఇద్దరే ఉన్నారు. ఆ లోకం గురించి మన నాలెడ్జ్ బేస్‌లో మూడు వాక్యాలున్నాయి. వడ్రంగి దగ్గర దీపం ఉంది. పడవవాడి దగ్గర దీపం ఉంది. దీపం లేనివాళ్ళు కనీసం ఒకరున్నారు. ఇంటర్‌ప్రిటేషన్లు ఎన్ని? వాటిలో మోడల్స్ ఎన్ని?

ఇంటర్‌ప్రిటేషన్ అంటే క్లాసులో మేడం ఎప్పుడూ ఒకటే మాట చెప్పేది. ఈ పేర్లు ఎవరివో, ఆ దీపాలు ఎవరి చేతుల్లో ఉన్నాయో నిర్ణయించేస్తే ఒక లోకం తయారవుతుంది, అలా ఎన్ని రకాలుగా నిర్ణయించవచ్చో అన్ని లోకాలు. వాటిలో మన వాక్యాలన్నీ నిజమైన లోకం మోడల్. కీలో జవాబు: ఇంటర్‌ప్రిటేషన్లు ఎనిమిది, మోడల్స్ సున్నా. ఉన్నది ఇద్దరు, ఇద్దరికీ దీపాలున్నాయి, మరి దీపం లేనివాళ్ళెక్కడినుంచి వస్తారు? వాక్యాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ఈ పేపరు నిండా గళ్ళు. గడిలో చిన్న చిన్న సున్నాలు, కొన్నిటి కింద వ, ప అని అక్షరాలు. చిత్తుపనిలా ఉంది. చివర "పదహారు, రెండు" అని రాసి ఉంది. మేడం ప్రతి పేజీకీ మూలనుంచి మూలకి ఎర్రగీత లాగి, ముందు అట్టమీద గడిలో సున్నా వేసి, కట్టలో పెట్టబోయి ఆగింది. మొత్తం సున్నా వచ్చిన పేపరు చీఫ్ సంతకం లేకుండా కట్టలోకి వెళ్ళకూడదు.

చీఫ్ ఎగ్జామినర్‌ని వెనకాల స్కేలు మాస్టారంటారు. స్టీలు స్కేలు లేకుండా ఆయన్ని ఎవరూ చూడలేదు. మార్కుల కాలమ్ మీద స్కేలు ఆనించి ఒక్కో గడీ కిందికి దింపుకుంటూ కూడతాడు. ఇరవై రెండేళ్ళుగా కూడికలో తప్పు దొరకలేదని పేరు. ఆయన పేపరు తీసుకుని పేజీలు తిప్పాడు.

"పద్నాలుగు పేజీలమ్మా."

"అంతా చిత్తేనండీ. జవాబు రెండని వేశారు. కీలో సున్నా."

"చిత్తుపని ఇంత శుభ్రంగా చేస్తారా ఎవరైనా?" ఆయన స్కేలుని ఒక వరస గళ్ళ కింద పెట్టాడు. గళ్ళన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి. "నాకు లాజిక్ రాదు, నాది కామర్స్. కానీ ఈ గీతలు గీసిన చెయ్యి తొందరపడలేదు. మళ్ళీ ఒక్కసారి చూసి తీసుకురండి. అప్పుడూ సున్నా అయితే సంతకం పెడతాను."

మేడం విసుక్కుంటూనే తన చోటికి వచ్చింది.

"ఏమైంది మేడం?" అన్నాడు ఎక్స్‌ప్రెస్ మాస్టారు తల ఎత్తకుండా.

"మళ్ళీ చూడమన్నారు."

"చూసినట్టు ఓ పది నిమిషాలు కూర్చుని పట్టుకెళ్ళండి. కీలో లేకపోతే లేదంతే."

ఆమె అలాగే చేద్దామనుకుంది. పేపరు తెరిచి మొదటి పేజీ మీద చెయ్యి ఆనించింది.

నాలుగు వరసలు, వరసకి నాలుగు గళ్ళు. ప్రతి గడిలో రెండు సున్నాలు పక్కపక్కన. కొన్ని సున్నాలు ఖాళీ, కొన్నిటిని పెన్సిలుతో నింపారు. నింపితే దీపమున్నట్టని అర్థమవుతోంది. మొదటి వరసలో ఎడమ సున్నా కింద వ, కుడి సున్నా కింద ప. వడ్రంగి ఇటు, పడవవాడు అటు. రెండో వరసలో తారుమారు. ఇంతవరకూ ఎనిమిది గళ్ళు. కీలో ఉన్న ఎనిమిదీ ఇవే. ఎనిమిదింటికీ సన్నటి అడ్డగీతలున్నాయి, ఒక్కదానికీ టిక్కు లేదు. అదీ కీ ప్రకారమే.

మూడో వరస దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

మూడో వరసలో వ, ప రెండూ ఎడమ సున్నా కిందే ఉన్నాయి. కుడి సున్నా కింద ఏమీ లేదు. నాలుగో వరసలో రెండూ కుడి సున్నా కింద.

ముందు తప్పనుకుంది. తర్వాత తప్పెక్కడో వెతికింది. వెతుకుతూ ప్రశ్నని మళ్ళీ చదివింది, తాను రాసిన ప్రశ్ననే, ఎవరో పరాయివాళ్ళు రాసినట్టు ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. వడ్రంగి దగ్గర దీపం ఉంది. పడవవాడి దగ్గర దీపం ఉంది. వడ్రంగీ పడవవాడూ వేరువేరు మనుషులని ఎక్కడా లేదు.

మూడో వరసలో ఒక గడికి టిక్కు. ఎడమ మనిషి చేతిలో దీపం. వడ్రంగీ అతడే, పడవవాడూ అతడే. కుడి మనిషికి పేరు లేదు, దీపం లేదు. మూడు వాక్యాలూ నిజం. నాలుగో వరసలో అలాంటిదే ఇంకొకటి. పదహారు గళ్ళలో రెండు.

మేడం పెన్ను మూత పెట్టింది. చుట్టూ కాగితాల చప్పుడు, ఎవరో దగ్గడం, బయట కాంటీనులో గ్లాసులు కడగడం, అన్నీ వినిపిస్తూనే ఉన్నాయి. ఆ ప్రశ్న తయారుచేస్తున్నప్పుడు తనే ఒక వడ్రంగిని ఊహించుకుంది, తనే ఒక పడవవాణ్ణి ఊహించుకుంది. ఇద్దరికీ మొహాలు కూడా ఉన్నాయి. వాళ్ళు తన తలలోంచి దిగి కాగితం మీద కూర్చున్నారనుకుంది. కాగితం మీద ఎవరూ లేరు. రెండు పేర్లున్నాయంతే.

తర్వాతి పేజీలు ఇంకా దూరం వెళ్ళాయి. ఎవరూ అడగకుండానే "ముగ్గురుంటే?" అని రాసి, తొమ్మిది వరసలు, వరసకి ఎనిమిది గళ్ళు. డెబ్బై రెండు. ఒక్కటీ మానలేదు. వాటిలో పదిహేనింటికి టిక్కులు. ఆ తర్వాత "నలుగురుంటే?" అక్కడ గళ్ళు గీయడం ఆపేసి, వరసల్నే లెక్కగట్టారు. పేర్లు రెండూ వేరువేరు మనుషులవైన వరసలు పన్నెండు, వరసకి మూడు. ఒకరివే అయిన వరసలు నాలుగు, వరసకి ఏడు. ముప్ఫై ఆరూ ఇరవై ఎనిమిదీ అరవై నాలుగు. మొత్తం లోకాలు రెండువందల యాభై ఆరు. పక్కన చిన్న అక్షరాలతో, ఎవరికోసమో కాదు తనకోసమే రాసుకున్నట్టు: "సరిగ్గా నాలుగోవంతు!"

ఆ ఆశ్చర్యార్థకం మీదుగా తన ఎర్రగీత పోయింది.

సాయంత్రం ఇంట్లో అత్తయ్య కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో చొక్కాకి కాలరు తిప్పుతోంది. ఎండ ఇంకా కిటికీలోనే ఉంది. మేడం చెప్పులు విప్పి, చేతిసంచీ బల్లమీద పడేసి, కాళ్ళు కడుక్కోకుండానే ఆవిడ పక్కన స్టూలు లాక్కుంది.

"అత్తయ్యా, ఒక మాట చెప్పండి. ఒక చోట ఇద్దరే ఉన్నారు. వడ్రంగి దగ్గర దీపం ఉంది, పడవవాడి దగ్గర దీపం ఉంది. దీపం లేనివాళ్ళు కూడా ఒకరున్నారు. ఎలా?"

"ఎవరో ఒకళ్ళు అబద్ధం చెప్తున్నారు" అంది అత్తయ్య, మిషను ఆపకుండానే.

"ఎవరూ అబద్ధం చెప్పట్లేదు."

"అయితే మూడోవాడు ఎక్కడో దాక్కున్నాడు."

"ఇద్దరేనండీ. లెక్కపెట్టుకున్నాం."

"ఇద్దరూ దీపాలు పట్టుకుంటే లేనివాడెవడే! పరీక్ష పేపర్లు దిద్ది దిద్ది నీకు బుర్ర తిరిగింది. టీ పెట్టుకో ముందు."

మేడం లేచి రెండు సాసర్లు తెచ్చి మిషను బల్లమీద పెట్టింది. బొత్తాల డబ్బాలోంచి ఒక పసుపు బొత్తం తీసి ఎడమ సాసర్లో వేసింది, దీపం. నల్లదారం రీలు వడ్రంగి, అది కూడా ఎడమ సాసర్లో. తెల్లదారం రీలు పడవవాడు. దాన్ని అత్తయ్య చేతికిచ్చింది.

"ఇది ఎక్కడ పెడతారో పెట్టండి."

అత్తయ్య కుడి సాసర్లో పెట్టింది. దానిలో దీపం లేదని తీసింది. మళ్ళీ పెట్టింది. కళ్ళజోడు పైకి తోసుకుని మేడం మొహం వంక చూసింది. అప్పుడు, ఎవరైనా చూస్తున్నారేమో అన్నట్టు మెల్లిగా, తెల్లరీలుని తీసుకెళ్ళి నల్లరీలు పక్కన, అదే సాసర్లో పెట్టింది.

మిషను చక్రం ఇంకా తిరుగుతోంది. ఆవిడ చేత్తో పట్టుకుని ఆపింది.

"ఓసి దీని దుంప తెగ! ఒక్కడేనా! ఇంతసేపూ ఒక్కడేనా!"

"ఒక్కడే."

"మరి ఒక్కడేనని ఎవరూ చెప్పలేదే?"

"ఇద్దరని కూడా ఎవరూ చెప్పలేదు, అత్తయ్యా."

ఆవిడ చాలాసేపు ఖాళీ సాసరు వంక చూసింది. "పాపం వీడు. వీడి సంగతి ఎవరికీ పట్టలేదు" అంది. తర్వాత మూడో సాసరు తనే తెచ్చింది. కాలరు పక్కకి పోయింది. ఇద్దరూ కలిసి డెబ్బై రెండు లోకాల్నీ ఒక్కొక్కటే సాసర్లలో పేర్చారు. మేడం పాత కవరు మీద గీతలు పెట్టుకుంటూ పోయింది. ఆవిడ కొడుకు డ్యూటీనుంచి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఇవాళ బొత్తాలేనా భోజనం?" అంటే, "నువ్వు మధ్యలో మాట్లాడకు, లెక్క పోతుంది" అని అత్తయ్య చెయ్యి ఊపింది.

మేడంకి పద్నాలుగు వచ్చాయి. అత్తయ్య ఒప్పుకోలేదు. "రెండు రీళ్ళూ మధ్యసాసర్లో ఉన్నప్పుడు దీపం కుడివాడికి కూడా ఇచ్చాను చూడు, ఎడమవాడికి ఇవ్వలేదు. అది రాసుకోలేదు నువ్వు."

పదిహేను. పరీక్ష హాల్లో ఎవరి సాయమూ లేకుండా, సాసర్లూ రీళ్ళూ లేకుండా, ఆ చెయ్యి ఒక్కటీ వదల్లేదు.

"ఎవరే ఆ పిల్ల?" అంది అత్తయ్య.

"పిల్లో పిల్లాడో కూడా తెలీదు. నంబరు మాత్రమే ఉంది."

మర్నాడు పొద్దున్నే మేడం స్కేలు మాస్టారి బల్ల దగ్గరికి వెళ్ళి, నిలబడే చెప్పింది. "కీ తప్పండీ. ఐదో ప్రశ్న. ఆ కీ తయారుచేసింది నేనే."

ఆయన కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"ఇప్పటికే ఆరువందల పైన దిద్దేశాం" అన్నాడాయన. "తప్పని ఇంకెవరైనా అన్నారా?"

"లేదండీ."

"మీరు అనకపోతే ఎవరికీ తెలీదు."

"ఒకరికి తెలుసు."

ఆయన స్కేలుని బల్ల అంచుకి సమంగా సర్దాడు. "చూడమ్మా, కీ మార్చడమంటే నోటితో చెప్పడం కాదు. పేపరు సెట్ చేసినవాళ్ళు తప్పు ఒప్పుకుంటూ రాసివ్వాలి. అది మీ ఫైల్లోకి వెళ్తుంది. మూడేళ్ళపాటు ఏ పేపరూ సెట్ చెయ్యనివ్వరు. అదొకటి. రెండోది, కీ ప్రకారం సున్నా అని రాసి ఎనిమిది మార్కులు తెచ్చుకున్నవాళ్ళున్నారు. వాళ్ళు మీరు క్లాసులో చెప్పినట్టే రాశారు. వాళ్ళ నోటి దగ్గర కూడు లాగేస్తారా?"

ఆ రెండోది ఆమె ఆలోచించలేదు. ఒక్క క్షణం బల్ల అంచు పట్టుకుంది.

"వాళ్ళ మార్కులు ముట్టుకోవద్దు" అంది చివరికి. "ఇద్దరూ వేరువేరని వాళ్ళచేత అనిపించింది మేమే. మా నోట్సులోనే అలా ఉంది. వేరనుకుని సరిగ్గా లెక్కపెట్టినవాళ్ళకి ఎనిమిదీ ఉంచండి. పదహారూ రెండూ అన్నవాళ్ళకి మాత్రం వాళ్ళ ఎనిమిది వాళ్ళకిద్దాం. కాగితం ఇప్పుడే రాసిస్తాను."

"ముందు మీతో దిద్దే మిగతా ఎనిమిది మందికి చెప్పండి. వాళ్ళు ఒప్పుకుంటే చూద్దాం. నాది కామర్స్."

వ్యాయామశాల గోడకి ఆటల స్కోర్లు రాసే నల్లబోర్డు ఉంది. మేడం పాత స్కోర్లు తుడిచి పదహారు గళ్ళు గీసింది. మిగతా వరసలవాళ్ళు కూడా పెన్నులు కింద పెట్టి చూస్తున్నారు. గళ్ళు ఆ పేపర్లో ఉన్నంత తిన్నగా రాలేదు.

మూడో వరస గీయగానే ఎక్స్‌ప్రెస్ మాస్టారు లేచాడు. "ఆగండి మేడం. ఒక మనిషికి రెండు పేర్లుంటే ఆ మాట ప్రశ్నలో చెప్పాలి కదా!"

"ఇద్దరికీ చెరో పేరుంటే ఆ మాట మాత్రం చెప్పక్కర్లేదా?"

"అది మామూలు విషయం. ఎవరికైనా తెలుస్తుంది."

"మాస్టారూ, మీ చెల్లెలికి మీరు అన్నయ్య. మీ ఆవిడ తమ్ముడికి బావ. ఈ అన్నయ్యనీ ఆ బావనీ భోజనానికి పిలిస్తే ఎన్ని కుర్చీలు వెయ్యాలి?"

"మాస్టారికైతే రెండే వెయ్యాలి" అన్నారెవరో వెనకనుంచి. హాలంతా నవ్వింది. ఎక్స్‌ప్రెస్ మాస్టారు కూడా పొట్ట నిమురుకుంటూ నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ బోర్డు వైపు తిరిగి, అలా ఉండిపోయాడు. జీవితంలో మొదటిసారి ఒక స్టేషన్లో ఆగినట్టు.

"ఇద్దరూ వేరన్నది కూడా ఒక వాక్యమే" అంది మేడం. "నాలుగో వాక్యం. నేను దాన్ని ప్రశ్నలో రాయలేదు. మనసులో అనుకున్నాను, అనుకున్నానని కూడా నాకు తెలీదు. ఆ రాయని వాక్యం ఎనిమిది లోకాల్ని మింగేసింది. ఉన్న రెండు మోడల్సూ అందులోనే పోయాయి."

లాజిక్ వరసలో ఒకావిడ కీ కాగితం వెనక పదహారు గళ్ళు గీసుకోవడం మొదలుపెట్టింది. ఆమె పక్కాయన కూడా. ఎక్స్‌ప్రెస్ మాస్టారు బోర్డు దగ్గరికి వచ్చి, టిక్కు పెట్టిన గడిని వేలితో తాకకుండా దూరంనుంచే చుట్టాడు. "నేను పది పేపర్లకైనా కొట్టేసి ఉంటాను మేడం ఈ రెండుని" అన్నాడు మెల్లిగా. "చివరి లైను చూసి."

స్కేలు మాస్టారు తన బల్ల దగ్గరే తెల్లకాగితం మీద, స్కేలు పెట్టి, పదహారు గళ్ళు గీశాడు. ఒక్కో గడీ చదివి, మూడు వాక్యాలూ పెదాలతో అనుకుని, అడ్డగీతో టిక్కో పెట్టాడు. ఇరవై నిమిషాలు పట్టింది. లేచి వచ్చి మేడం ముందు కాగితం పెట్టాడు.

"రెండు" అన్నాడు. ఆ మాట అన్న తీరు, పుట్టిన బిడ్డ సంగతి చెప్పినట్టుంది. "కట్టలు విప్పండి."

కట్టలు విప్పడం రెండు రోజులు పట్టింది. ముడులు విప్పాలి, ఐదో ప్రశ్న వెతకాలి, మారిస్తే పాత మార్కు పక్కన సంతకం పెట్టాలి, మొత్తం మళ్ళీ కూడాలి, స్కేలు మాస్టారు మళ్ళీ చూడాలి. "రెండు" అన్నవాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది తేలారు. చాలామంది ఒక్క లైన్లో రాసి వదిలేశారు. కొందరు భయపడి రెండు కొట్టేసి సున్నా వేశారు, మళ్ళీ సున్నా కొట్టేసి రెండు వేశారు. ఆ ఎనిమిది మార్కులతో పదకొండు మంది ఫెయిలవకుండా గట్టెక్కారు. ఒక్కొక్కరు బయటపడ్డప్పుడల్లా ఎక్స్‌ప్రెస్ మాస్టారు "ఇంకొకరు!" అని గట్టిగా అరిచేవాడు. పక్క వరసల్లో హిస్టరీవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

ఆ పేపరుని మేడం చివరికంటా ఉంచుకుంది. ముందు తన ఎర్రగీతల్ని రద్దు చేసింది. పేజీకో సంతకం, పద్నాలుగు సంతకాలు. తర్వాత ఐదో ప్రశ్న పక్కన ఎనిమిది వేసింది. అట్ట మీద సున్నా కొట్టేసి, ఎనిమిది. కింద మొత్తం గడిలో వేయబోయి పెన్ను ఆపింది.

మొత్తం కూడా ఎనిమిదే.

మూడు రోజులుగా ఆ పేపరుని ఎంత తలుచుకుందో, ఇది మాత్రం తట్టనేలేదు. మిగతా ప్రశ్నలకి జవాబుల్లేవు. వందకి ఎనిమిది. పాసవ్వాలంటే ముప్ఫై ఐదు రావాలి. ఒక్క లైను రాసినవాళ్ళు ఈ చేతి పుణ్యమా అని దాటిపోయారు. ఈ చెయ్యి మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది.

ఎక్స్‌ప్రెస్ మాస్టారు తొంగిచూశాడు. "ఇంత చేసీ ఫెయిలేనా?" అన్నాడు. మేడం పేపరు తీసుకుని స్కేలు మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"ఇరవై ఏళ్ళ నా పాఠం కన్నా ఎక్కువ ఉందండీ ఈ పేపర్లో."

"నమ్ముతాను. కానీ ఎనిమిది మార్కుల ప్రశ్నకి తొమ్మిది ఇవ్వడానికి కూడా నాకు అధికారం లేదమ్మా."

"తెలుసు. మార్కులు అడగట్లేదు." ఆమె పేపరు వెనక అట్ట తిప్పింది. "జవాబు పేపరు నకలు కావాలంటే ఫలితాల తర్వాత దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా. ఒక్కోసారి పెట్టుకుంటారు."

"పేపరు మీద మార్కులు తప్ప ఇంకేం రాయకూడదని మీకు తెలుసు."

"తెలుసు" అని, ఆమె అక్కడే వంగి రాయడం మొదలుపెట్టింది: మీ లెక్క పూర్తిగా సరైనది. తప్పు ప్రశ్న రాసినదానిది. ముందు సున్నా వేసిందీ నేనే...

స్కేలు మాస్టారు హాలు వైపు చూశాడు. పరిశీలనకి వచ్చిన అధికారి అవతలి చివర టీ తాగుతున్నాడు. మాస్టారు స్కేలు తీసి ఆమె చేతి కింద పెట్టాడు.

"అక్షరాలు కిందికి జారుతున్నాయి. దీనిమీద రాయండి" అన్నాడు.

ఆమె తన కాలేజీ పేరూ, డిపార్ట్‌మెంటూ, ఏ రోజుల్లో ఖాళీగా ఉంటుందో కూడా రాసింది.

ఫలితాలు వచ్చాక మూడో వారంలో, మధ్యాహ్నం రెండో పీరియడుకి ముందు, స్టాఫ్‌రూం గుమ్మంలో ఒకావిడ నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. మోచేతులదాకా చర్మం సబ్బునీళ్ళకి తెల్లబడి ముడతలు పడింది. చేతిలో గొట్టంలా చుట్టిన కాగితాలు. ఎవరి తల్లో ఫీజు సంగతి అడగడానికి వచ్చిందనుకుని మేడం, "ఎవరు కావాలండీ?" అంది.

ఆవిడ కాగితాలు విప్పి, చివరి కాగితంలో మేడం రాసిన అక్షరాలు చూపించింది. "వీరు."

మేడం కుర్చీలోంచి ఎలా లేచిందో ఆమెకే తెలీదు. తన కుర్చీనే ఆవిడకిచ్చి, ఎదురుగా నిలబడింది. ఏమడగాలో తోచక, మొదటగా వచ్చిన మాట అడిగేసింది. "వాళ్ళిద్దరూ ఒకరే కావచ్చని మీకెలా తట్టింది?"

"నేను ఆసుపత్రి లాండ్రీలో చేస్తానండీ. ప్రైవేటుగా కట్టాను పరీక్షకి." ఆవిడ మాట చిన్నగా, స్పష్టంగా ఉంది. "మాకు దుప్పట్లకి నంబర్లు కుడతారు. వార్డులో ఒకసారి కుడతారు, అది సగం ఊడిపోతే స్టోర్లో ఇంకోటి కుడతారు. రిజిస్టర్లో రెండు దుప్పట్లుంటాయి, చేతిలో ఒకటే ఉంటుంది. నేను చేరిన కొత్తలో రెండోది పోగొట్టానని నన్ను వారంరోజులు తిట్టారు. ఉంటే కదండీ పోవడానికి! అప్పట్నుంచీ రెండు నంబర్లు కనిపిస్తే చాలు, ముందు దుప్పటి తిరగేసి చూస్తాను."

ఇరవై ఏళ్ళు బోర్డు మీద రాసిన పేర్లు ఒక్కదాన్నీ మేడం తిరగేసి చూడలేదు.

"మిగతా ప్రశ్నలు ఎందుకు వదిలేశారు? రావా?"

"వచ్చండీ. ఆరు వచ్చు. ముందు ఇది చేసేసి అవి రాద్దామనుకున్నాను. ఆ రెండు గళ్ళూ తేలాయి కదండీ, పదహారింట్లో రెండు. ఇద్దరికే ఇలా ఉంటే ముగ్గురికి ఎలా ఉంటుందో అనిపించింది. ఇక వదల్లేకపోయాను. గంట కొట్టేశారు." ఆవిడ కొంచెం సిగ్గుపడినట్టు నవ్వింది. "పరీక్షకేముంది, వచ్చేసారి రాస్తాను. దానికోసం రాలేదు."

"మరి?"

ఆవిడ సంచీలోంచి ఒక నోటుపుస్తకం తీసింది. ఆసుపత్రి రిజిస్టర్లలో మిగిలిన కాగితాలు కుట్టి చేసుకున్నది. తెరిస్తే ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు, వరసలే వరసలు. అయిదుగురికి ఎనిమిది వందల్లో రెండు వందల పదిహేను. ఆ తర్వాత పేజీలకి పేజీలు.

"అసలు ఎంతమంది ఉన్నారో ప్రశ్నలో చెప్పకపోతే, అప్పుడు ఎన్ని లోకాలు నిజమవుతాయండీ?"

వరండాలో గంట మోగింది. ఎవరూ కదల్లేదు.

"అవి లెక్కకి అందవు" అంది మేడం మెల్లిగా.

"అందవని నాకూ తెలుసండీ" అంది ఆవిడ, పెన్సిలు మొన నోటుపుస్తకం ఖాళీ పేజీ మీద ఆనించి. "అందవని రాసి చూపించడం ఎలాగో తెలీక వచ్చాను."